జేజి నిద్రపోతుంటే రాసుకున్న పద్దు

మా జేజి, అంటే నాయనమ్మ, కృపమణి మధ్యాహ్నం పన్నెండున్నరకు సంగటి తింటుంది, ఒంటిగంటకు పద్దుల పుస్తకం తెరుస్తుంది, ఒంటిగంటా అయిదు నిమిషాలకు నిద్రపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ వరుస తప్పలేదు. పుస్తకం పొట్ట మీద బోర్లించుకుని, కలం చెవి వెనక దోపుకుని, పిండిమర గది ముందున్న నాపబండ మీద ఒరిగిందంటే ఇక ఎవరు పిలిచినా పలకదు. ఎవరైనా నవ్వితే మాత్రం కళ్ళు తెరవకుండానే అంటుంది.

"నిద్ర గాదు మే. కూడుతాండా."

నిజంగానే కూడుతుందేమో. లేచాక ఆమె వేసే మొత్తం ఒక్కసారీ తప్పు పోలేదు. నేను ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ మెలకువగానే ఉన్నాను.

మాది కమలాపురం పక్కన పాపాఘ్ని ఒడ్డు పల్లె. ఏరంటే ఏడాదిలో పది నెలలు ఇసుకే. ఇక్కడ చర్చికి వచ్చే ఇళ్ళలో ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి వస్తుంది. కష్టకాలంలో పిడికిలి చిన్నదవుతుంది గానీ మానడం మాత్రం ఉండదు. ఆ పిడికెడు బియ్యం అమ్మి, దాచి, దాచి, పన్నెండేళ్ళ కిందట మా స్త్రీల సమాజం పిండిమర కొన్నది. పిండిమర సంపాదనలోంచి నెలనెలా అయిదుగురు దిక్కులేని ముసలమ్మలకు సరుకులు ఇస్తారు. వాళ్ళ పేర్లు చర్చి తలుపు పక్కన ఒక కాగితం మీద ఉంటాయి. దాన్ని అందరూ జాబితా అంటారు.

వీటన్నిటికీ లెక్క రాసేది మా జేజి. వేంపల్లె దగ్గర మిషను బడిలో అయిదో తరగతి వరకు చదివింది. ఒకసారి మా జేజినాయన లేవి, సంతలో గొర్రెలు అమ్మి వస్తే, పదహారు రూపాయలు తక్కువొచ్చాయని ఆయన్ను అన్నం కూడా తిననీకుండా వెనక్కి పంపిందట. ఆయన ఆరు మైళ్ళు నడిచి వెళ్ళి ఆ పదహారూ తెచ్చాడు. ఆ సంగతి సమాజం చెవిన పడి పుస్తకం తెచ్చి ఈమె చేతిలో పెట్టారు. జేజినాయన ఉన్నన్నాళ్ళూ అనేవాడట, "నాకు వచ్చిన కష్టం మీకూ రానీ" అని.

ఇప్పుడు గిడ్డమ్మ సంగతి చెప్పాలి. ఆమె మా జేజి కన్నా నాలుగేళ్ళు పెద్ద. బాప్తిస్మంలో ఎలీసబెత్తమ్మ అని పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు. మొగుడు లేడు, పిల్లలు లేరు, కూలికి పోయే వయసు దాటిపోయింది. జాబితాలో మొదటి పేరు ఆమెదే కావాలి. కానీ ఆ మాట ఎత్తిన రోజున ఆమె చర్చి మెట్ల మీద నిలబడి, "నా పేరు ఆ కాయితంలో ఎక్కించినోళ్ళ ఇంట్లో నేను నీళ్ళు గూడా తాగను" అనేసింది. జాబితాలో ఉన్న అయిదుగురూ అక్కడే ఉన్నారు పాపం.

దానికి మా జేజి ఒక ఉపాయం చేసింది. పిండిమర గదిలో నాలుగు జల్లెడలు మేకులకు వేలాడుతుంటాయి. జొన్నలు, రాగులు మరలో పోసే ముందు రాళ్ళు, మట్టి పోయేలా జల్లించుకోవడానికి. వాటి కన్నాలు ఊరికే పూడిపోతాయి. నెలకోసారి ఎవరో ఒకరు కడగాలి. "ఆ పనికి మనిషి దొరకడం ల్యా వదినా, నువ్వు చేస్తావా?" అని జేజి గిడ్డమ్మను బతిమాలింది. కూలి నెలకు ఆరువందలు. పని మహా అయితే అరగంట. గిడ్డమ్మ రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఏడేళ్ళుగా ఆ ఆరువందలతోనే ఆమె పొయ్యి వెలుగుతోంది. పుస్తకంలో మాత్రం "జల్లెడ కూలి" అని ఉంటుంది.

ఈ ఏడు మార్చిలో కడప ఆడిటరు వసంతకుమార్ సారు కబురు పెట్టాడు. ఏప్రిల్ నుంచి లెక్కలు కంప్యూటర్లో ఉండాలి, పుస్తకం మీద ఇక సంతకం పెట్టను అని. తన ఆఫీసులో మూలన పడున్న లాప్‌టాప్ ఒకటి తక్కువ ధరకు ఇచ్చాడు. అందులో కొన్ని అక్షరాలు వేళ్ళ కింద అరిగి మాయమయ్యాయి. కడపలో నలభై అయిదు రోజుల అకౌంట్స్ కోర్సు చేసిన మేధావిని నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి అది నా నెత్తిన పడింది.

బండ మీద జేజి, పక్కన నేను, ఒళ్ళో లాప్‌టాప్. మర ఆగిపోయిన వేళ. గదిలోంచి పిండి ఇంకా నెమ్మదిగా బయటికి తేలి వస్తోంది. ఎండలోకి వచ్చాక అది ఏమవుతుందో తెలియదు, ఎండలోనే కలిసిపోతుంది.

"ఇందులో జర్నల్ అని ఉంటాది జేజీ" అన్నాను. "ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి పోసేది. ఈ పక్క ఎంత తగ్గితే ఆ పక్క అంత పెరగాల."

"కుండలు" అంది జేజి వెంటనే. "మా అమ్మగారింట్లో ఏడు కుండలుండె. జొన్నలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోసేటప్పుడు మా అమ్మ ఒక్క గింజ కింద పడనిచ్చేది గాదు. అదే గద?"

"అదే. కానీ కొన్ని ప్రతినెలా ఒకే మాదిరి పోస్తాం గద. మర గది బాడుగ, ముసలోళ్ళ సరుకులు, జల్లెడ కూలి. వాటికి ఒకసారి నియమం చెప్పి పెడితే చాలు. ఏ పద్దులోంచి, ఏ పద్దులోకి, ఎంత, ఏ తేదీన. తర్వాత అదే రాసుకుంటాది. మనం చెయ్యి పెట్టే పనే ల్యా."

జేజి లేచి కూర్చుంది. ఒంటిగంటన్నరకు ఆమె లేచి కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నేను నిద్రపోతాండంగా రాసుకుంటాదా?"

"నువ్వు కూడుతాండంగా."

నా నెత్తి మీద ఒకటి వేసి, మళ్ళీ ఒరిగి, ఆకాశం వైపు చూస్తూ చెప్పసాగింది. నేను నింపసాగాను. మర మోటారుకు అరుగుదల అని ఒకటి రాయాలన్నాడు సారు. మోటారు ఏటికేడు అరుగుతుంది కాబట్టి దాని ధరలోంచి నెలకింత తగ్గిస్తూ పోవాలి. జేజి పడీ పడీ నవ్వింది. "ఇనుప ముక్క అరిగేదానికి పద్దు ఉండాదంట. మనిషి అరిగేదానికి ల్యాదంట."

జల్లెడ కూలి వంతు వచ్చింది. నెలాఖరు రోజు, సాయంత్రం ఆరుకు, ఆరువందలు. కూలి ఖర్చు ఒక పక్క, గిడ్డమ్మకు ఇవ్వవలసినది ఇంకో పక్క. నగదు ఇచ్చిన రోజున ఇచ్చినట్టు వేరే రాసుకుంటాం.

"ఎప్పటి వరకు అని అడుగుతాంది జేజీ. ఆఖరి తేదీ."

జేజి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "ఆమె ఉన్నన్నాళ్ళు" అంది చివరికి.

"అట్లా రాయడానికి ల్యా. తేదీ కావాల."

"అయితే ఖాళీగా వదిలెయ్."

వదిలేశాను. మర్నాడు పొద్దున జేజి తనకొచ్చిన కల చెప్పింది. ఏడు కుండలూ పెరట్లో వెన్నెల్లో వరుసగా కూర్చున్నాయట. ఎవరూ లేరట. మొదటి కుండ తనంతట తానే వంగి రెండోదాంట్లోకి పోసిందట, రెండోది మూడోదాంట్లోకి. చప్పుడు లేదట. ఆమె గడప మీద నిలబడి చూస్తోందట, చేతులు ఖాళీగా. "శానా బాగుండె మే" అంది. "నాకేం పని ల్యా." ఆ మాట ఆమె సంతోషంగా అన్నదో దిగులుగా అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏప్రిల్, మే, జూన్ హాయిగా గడిచాయి. నెలాఖరు సాయంత్రం ఆరుకు జేజి బండ మీద కూర్చుని లాప్‌టాప్ వైపు చూసేది, పొయ్యి మీద పాలు చూసినట్టు. తెర మీద ఆ పద్దు గీత వచ్చి పడగానే "రాసేసింది" అని నాకు చెప్పేది, నేను పక్కనే ఉన్నా సరే.

జులై మొదట్లో గిడ్డమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. చెల్లెలి కూతురు వచ్చి వైద్యం చేయిస్తానని ఆమెను తమ ఊరికి, కోడుమూరు పక్కకు, తీసుకుపోయింది. రెండు నెలలు ఆమె మా పల్లెలో లేదు. జల్లెడలు మా జేజి కడిగింది. కడిగింది అంటే నీళ్ళలో ముంచి తీసింది. కన్నాలు సగం పూడే ఉన్నాయి. జొన్నలు జల్లించుకోవడానికి వచ్చినవాళ్ళు సణిగారు.

కానీ నియమానికి మోకాళ్ళ సంగతి ఎవరు చెప్పారు? జులై ముప్పై ఒకటిన సాయంత్రం ఆరుకు అది ఆరువందలు రాసింది. ఆగస్టు ముప్పై ఒకటిన మరో ఆరువందలు రాసింది. జులైది నేను చూడలేదు. ఆగస్టులో చూసి, "జేజీ, గిడ్డవ్వ రాల్యా గద, ఇది తప్పు" అన్నాను.

జేజి అద్దాలు పెట్టుకుని ఆ గీత వైపు చూసింది. చేతి పుస్తకంలో అయితే ఆమె కళ్ళతో చూడని పని ఎప్పుడూ రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా. ఇది మాత్రం తను రాసింది కాదు.

"ఉండనీ" అంది. "దీనికి నా కంటే దయ ఎక్కువ ఉన్నట్టుండాది." అద్దాలు తీసేసి పడుకుంది.

సెప్టెంబరు రెండో ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. మూడు నెలలకోసారి లెక్కలు అందరి ముందూ చదవాలి. గిడ్డమ్మ ఆ వారమే తిరిగొచ్చింది. చేతికర్రతో, వెనక బెంచీలో. నేను ప్రింటు తీసిన కాగితం పట్టుకుని రేడియోలో వార్తల్లాగా చదువుతున్నాను. చదివేటప్పుడు నాకు నా గొంతు తప్ప ఏదీ వినిపించదు, అదీ నా జబ్బు.

"జల్లెడ కూలి, జూన్ ఆరువందలు, జులై ఆరువందలు, ఆగస్టు ఆరువందలు. గిడ్డమ్మకు ఇవ్వవలసినది, పన్నెండు వందలు."

వెనక కర్ర టక్కుమంది.

"ఏం మే, మళ్ళా చదువు."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. కానీ కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదవాల్సి వచ్చింది.

"జులై, ఆగస్టు నేను ఊళ్ళో ల్యా" అంది గిడ్డమ్మ. "జల్లెడ మొగం చూడల్యా. కూలి ఎట్ల రాసినారు?"

సమాజం పెద్ద సువార్తమ్మ గొంతు సవరించుకుంది. "ఏం కృపమణీ? ఆ పన్నెండు నూర్లు యాడ ఉండాయి?"

ఆ ప్రశ్నలో ఏముందో అందరికీ తెలుసు. రాని మనిషి పేరు మీద రాసి ఎవరో తింటారు. ఉపాధి పనుల్లో అది చూడని ఊరు లేదు. జేజి లేచి, సమాజం డబ్బులుండే రేకుపెట్టె తెరిచి, బల్ల మీద బోర్లించింది. నోట్లు, చిల్లర. సువార్తమ్మ లెక్కపెట్టింది. పన్నెండు వందలూ అందులోనే ఉన్నాయి. ఊపిరి తీసుకున్నాను.

గిడ్డమ్మ తీసుకోలేదు. "తినలేదు, సరే. మరి ఎందుకు రాసినట్టు?"

కంప్యూటరు తప్పు అంటే అయిపోయేది. నేను నోరు తెరిచాను కూడా. జేజి నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"చెయ్యని పనికి కూలి రాస్తే అది కూలి గాదు" అంది గిడ్డమ్మ, ఒక్కో మాటా ఏరినట్టు. "నన్ను జాబితాలో కలిపేసినావు కృపమణీ." కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె పిండిమర గడప తొక్కలేదు. జూన్ కూలి తీసుకున్నాక ఆమె చేతికి ఎక్కడి నుంచీ రూపాయి వచ్చినట్టు లేదు. వచ్చి జల్లెడలు కడగమని జేజి నాతో కబురంపింది. "వేరే మనిషిని చూసుకోమను" అని జవాబు. ఆదివారం మాత్రం చర్చికి వచ్చి, పిడికెడు బియ్యం గుడ్డమూట బల్ల మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. జేజి ఆ మూటను అరచేతిలో పెట్టుకుని చూసింది. నెలలో నాలుగో ఆదివారం చూసి, "ఇది పిడికెడు గాదు మే, చిటికెడు" అంది. ఆ మధ్యాహ్నం బండ మీద పడుకుంది గానీ నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఉంది, కనురెప్పల కింద గుడ్లు కదులుతూనే ఉన్నాయి. కూడుతున్నట్టుంది. మొత్తం రావడం లేదు.

సెప్టెంబరు ముప్పయ్యో తేదీ వచ్చింది. సాయంత్రం ఆరుకు అది మళ్ళీ తనంతట తానే రాస్తుంది. నియమం తీసేస్తానన్నాను. "తీసేస్తే ఆమెకు పెట్టేది ఎట్ల?" అంది జేజి. ఉంచితే మళ్ళీ తప్పు రాత. మధ్యాహ్నం రెండింటికి, ఆమె నిద్రపోవాల్సిన వేళ, చీర కొంగు బిగించి లేచింది. "పద. జల్లెడలు సంచిలో వెయ్. నీ ఫోన్లో గూడా ఆ పద్దులు కనబడతాయి గద? పద."

గిడ్డమ్మ ఇల్లు ఊరి చివర, ఏటి ఇసుకకు ఎదురుగా. ఆ వేళలో ఇసుక మీద ఎండ నీళ్ళలాగా కదులుతుంది. దూరంగా రైలు పోతుంటే అది ఆ నీళ్ళ మీద పోతున్నట్టే ఉంటుంది. గిడ్డమ్మ గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వెనక పొయ్యి చల్లగా ఉంది.

"ఏం, దారి తప్పినారా?"

"తప్పు రాసినా వదినా" అంది జేజి, పిలవకుండానే కింద కూర్చుంటూ. "నీ ముందరే సరిచేద్దామని వచ్చినా."

"కొట్టెయ్."

"కొట్టెయ్యడానికి ఉండదవ్వా" అన్నాను నేను. "తిప్పి రాయాల. పోసిన దాన్ని మళ్ళీ ఎనక్కి పొయ్యాల. రెండు రాతలూ ఉంటాయి."

"అందరికీ కనబడతాయా?"

"కనబడతాయి."

"కనబడనీ." ఆమెకు అది నచ్చింది. నేను రెండు నెలల రాతనూ తిప్పి రాసి, గిడ్డమ్మకు ఇవ్వవలసినది సున్నా అని చూపించాను. ఆమెకు చదవడం రాదు. సున్నా మాత్రం తెలుసు. ఫోను దగ్గరికి పట్టుకుని బాగా చూసింది.

"నిజం చెప్పు కృపమణీ. అది రాసుకునేది నువ్వు చూసినావా?"

"ఆగస్టులో చూసినా."

"చూసి?"

"వదిలేసినా."

"ఎందుకు?"

మా జేజికి మాటలు తడుముకోవడం అలవాటు లేదు. నా చేతిలో సంచి లాక్కుని ఒక జల్లెడ తీసి గిడ్డమ్మ ఒళ్ళో పెట్టింది.

"రెండు నెలలు నేను కడిగినా. సూడు."

గిడ్డమ్మ దాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టింది. రావలసినంత వెలుతురు రాలేదు. ఆమె మొహం మీద అక్కడక్కడా నాలుగు చుక్కలు పడ్డాయి అంతే.

"థూ" అంది. "ఇది కడిగేదా? బర్రెను కడిగినట్టు కడిగినావు. చీపురు పుల్లతో ఒక్కో కన్నం పొడవాల. నీకు పద్దులు తప్ప ఏం వచ్చు?"

"అదీ రాల్యా ఈ మధ్య" అంది జేజి.

గిడ్డమ్మ నవ్వలేదు గానీ పుల్ల కోసం చూరు వైపు చెయ్యి చాపింది. "అది నన్ను అడగకుండా రాయగూడదు. ఈ ఊళ్ళో నన్ను అడగకుండా ఎవరూ నా పేరు రాయల్యా ఇంతవరకు."

నేను నియమం తెరిచి వెతికాను. నమోదు చేసే ముందు ఆగి అడగాలి అనే ఒక గడి, నా కోర్సులో చెప్పిన రోజు నేను కడప బస్టాండులో బజ్జీలు తింటూ ఉండుంటాను, అక్కడే ఉంది. టిక్కు పెట్టాను. "ఇక అడుగుతాదవ్వా. నేను ఫోను తెచ్చి నీకు చూపిస్తా. నువ్వు ఊ అంటేనే."

"ఈ నెల ఊ అనను. చెయ్యల్యా గద."

"ఇంకా మూడు గంటలుండాది" అంది జేజి, సంచి ఆమె వైపు జరుపుతూ.

గిడ్డమ్మ సంచిలోకి తొంగి చూసింది. నాలుగు జల్లెడలనూ ఒకసారి లెక్కపెట్టింది. నా వైపు చూసింది, మా జేజి వైపు చూసింది.

"ఆరునూర్లకు నాలుగేనా?" అంది. "మర కాడ చేటలుండాయి, గోతాలుండాయి, పిండి తుడిచే గుడ్డలుండాయి. అవి ఎవరు చేస్తారు? నడువ్ మే, అన్నీ తీసకరా పో."

మా జేజి గడపకు ఒరిగింది.

నేను రెండు సార్లు తిరిగాను. చేటలు, గోతాలు, గుడ్డలు, బిందెడు నీళ్ళు. తిరిగొచ్చేసరికి గిడ్డమ్మ మోకాళ్ళ మధ్య జల్లెడ పెట్టుకుని పుల్లతో ఒక్కో కన్నం పొడుస్తోంది. ఎండిన పిండి పొలుసులు రాలి ఆమె ఒళ్ళో పడుతున్నాయి. పక్కన గడప మీద తల ఆనించి మా జేజి నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని. ఆమె మొహం మీద గిడ్డమ్మ ఎత్తి పట్టిన జల్లెడలోంచి వెలుతురు వందల చుక్కలుగా పడి కదులుతోంది. లేపబోతే గిడ్డమ్మ వద్దని పుల్ల ఊపింది.

ఆరయ్యింది. ఏటి అవతల ఎండ ఎర్రబడింది. ఫోను చిన్నగా గంట కొట్టి అడిగింది: జల్లెడ కూలి, ఆరువందలు, నమోదు చేయాలా?

"అవ్వా, అడుగుతాంది."

గిడ్డమ్మ తల ఎత్తలేదు. ముందు ఇంకా రెండు చేటలు, ఒక గోతం, గుడ్డల మూట ఉన్నాయి.

"ఉండమను" అంది. "కాల్యా ఇంకా."

నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.